సస్పెండ్ చేసి చేతులు దులుపుకోవద్దు

పొద్దున్నే వాట్సాప్‌లో వీడియో వస్తుంది. పదింటికల్లా తల్లిదండ్రులు బడి గేటు ముందు బైఠాయిస్తారు. విద్యార్థి సంఘాల జెండాలు వస్తాయి, ఎస్సై వస్తాడు, మధ్యాహ్నానికి ఎంఈవో వచ్చి నలుగురైదుగురు పిల్లల చేత కాగితాలు రాయించుకుని వెళ్తాడు. సాయంత్రానికి డీఈవో ఉత్తర్వు వెలువడుతుంది. మర్నాడు జిల్లా పేజీలో ‘కీచక టీచర్‌పై వేటు’. బడి ముందు టెంటు ఎత్తేస్తారు. ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే వరస. దీని వెనక బలంగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. పిల్లల జోలికి వెళ్లిన టీచర్ విషయంలో ఎంత త్వరగా వేటు వేస్తే అంత న్యాయం జరిగినట్టని, శాఖాపరమైన విచారణ అనేది ఆ టీచర్‌ను తప్పించడానికి సంఘాలూ అధికారులూ కలిసి ఆడే నాటకమని. టీవీ చర్చల్లో ఈ మాట వింటాం, సంపాదకీయాల్లో చదువుతాం, పిల్లల తల్లిదండ్రుల నోట వింటాం. వాళ్ల కోపాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. వాళ్లు చేరుకున్న నిర్ణయం మాత్రం తప్పు, అది పిల్లలకే చేటు చేస్తోంది. ఒక బిడ్డ చెప్పిన మాటను ప్రభుత్వం నమోదు చేసి, పరీక్షించి, నిజమని తేల్చి, దాని ఆధారంగా ఆ మనిషిని ఉద్యోగం నుంచి పంపించగలిగే చోటు సర్వీసు నిబంధనల్లో ఉన్నది విచారణ ఒక్కటే. దాన్ని నాటకమని కొట్టిపారేసిన కొద్దీ అది నిజంగానే నాటకంగా మారుతుంది. అప్పుడు గట్టెక్కేది దోషి.

ముందు సస్పెన్షన్ సంగతి చూద్దాం. మన సర్కారు టీచర్లకు వర్తించేవి 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనలు. రాష్ట్రం విడిపోయాక కూడా రెండు చోట్లా అవే నడుస్తున్నాయి. వాటిలో రూల్ 8 కింద విచారణకు ముందు ఇచ్చే సస్పెన్షన్ దోషం తేలాక వేసే శిక్ష కాదు. ఆ మనిషి బడిలోనే ఉంటే సాక్ష్యాలు చెరిపేస్తాడనో, పిల్లల్ని బెదిరిస్తాడనో అనుమానం ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టడం, అంతే. ఆ కాలంలో సగం జీతం లెక్కన జీవన భృతి వస్తుంది, దాని మీద కరువు భత్యం వస్తుంది. జాప్యం అతని వల్ల జరగలేదంటే ఆ భృతి పెంచవచ్చు కూడా. హెడ్‌క్వార్టర్ వదిలి వెళ్లకూడదన్న షరతు తప్పిస్తే అతను చేయాల్సిన పని పెద్దగా లేదు. చివరికి ఏ తప్పూ లేదని తేలితే ఆ కాలమంతా డ్యూటీ కింద లెక్కకట్టి, ఆపిన జీతం బకాయిలతో సహా చెల్లించాలి. ఆ డబ్బు మనది. అతను పాఠం చెప్పని నెలలకు మనం కట్టే డబ్బు.

2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు ఒక గడువు పెట్టింది. సస్పెండ్ చేసిన మూడు నెలల్లోగా ఛార్జ్ మెమో ఇవ్వకపోతే ఆ సస్పెన్షన్‌ను పొడిగించకూడదంది. ఇది ఉద్యోగులకు అనుకూలమైన తీర్పని చాలామంది పెదవి విరుస్తారు. ఆ గడువు పెట్టింది అధికారుల మెడ మీద. మూడు నెలల్లో నాలుగు కాగితాలు తయారు చేయమని చెప్పింది. మన కార్యాలయాలు దాన్ని ఎలా అర్థం చేసుకున్నాయంటే, మూడు నెలలు మీనమేషాలు లెక్కించి, ఆ తర్వాత ‘విచారణ ఫలితానికి లోబడి’ అన్న మాట చేర్చి అతన్ని తిరిగి విధుల్లోకి తీసుకోవచ్చని. పాత బడికి పంపితే మళ్లీ గొడవ అవుతుంది కాబట్టి నలభై కిలోమీటర్ల అవతల ఇంకో మండలంలో పోస్టింగ్ ఇస్తారు. పాత ఊరివాళ్లు ఆయనకు శిక్ష పడిందనే అనుకుంటూ ఉంటారు. కొత్త ఊళ్లో ఆడపిల్లల తల్లులకు ఆ సారు ఎందుకు బదిలీ అయి వచ్చాడో ఎవరూ చెప్పరు. అక్కడి హెడ్‌మాస్టర్‌కు కూడా పుకారుగా తెలియాల్సిందే తప్ప కాగితం రూపంలో తెలియదు.

మొదటి రోజు ధర్నా చేసినవాళ్లు కోరింది ఇదేనా? కాదు. కానీ వాళ్లు అడిగింది సస్పెన్షన్ మాత్రమే. అడిగింది దొరికింది. దొరికాక ఇక ఆ ఫైలు వైపు చూసేవాళ్లు లేరు.

విచారణ ఎందుకు వీగిపోతుందో తెలియాలంటే ఆ మొదటి రోజు మధ్యాహ్నం రాయించుకున్న కాగితాలు చూడాలి. నోటు పుస్తకాల్లోంచి చింపిన గీతల కాగితాలు. ఒక్కో కాగితం ఒక్కో పిల్ల దస్తూరీలో ఉంటుంది, మాటలు మాత్రం అన్నిట్లోనూ ఒకటే. ‘గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి గారికి నమస్కరించి వ్రాయునది’ అని మొదలై, ‘సదరు ఉపాధ్యాయుడు మా పట్ల అసభ్యకరముగా ప్రవర్తించుచున్నారని తెలియజేయుచున్నాము’ అని ముగుస్తాయి. ఏడో తరగతి పిల్ల అలా మాట్లాడదు. ఎవరో పెద్దవాళ్లు, బహుశా బోర్డు దగ్గర నిలబడి, చెప్పి రాయించారు. ఆ పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, నమ్మకం కలిగేలా అడిగి ఉంటే ఏం చెప్పేది? లెక్క చూపించడానికి బల్ల దగ్గరికి వెళ్తే సారు జబ్బ పట్టుకుని వదల్లేదని, మిగతావాళ్లు ఆటల పీరియడ్‌కు బయటికి వెళ్లారని, తర్వాత ఈ సంగతి ఫలానా అక్కకు చెప్పానని చెప్పేది. అందులో ఏ రోజో ఉంది, ఏ గదో ఉంది, ఏం చేశాడో ఉంది, ఎవరిని అడిగితే తెలుస్తుందో ఉంది. సాక్ష్యం అంటే అది. ఆఫీసు భాషలోకి మార్చేసరికి అదంతా ఎగిరిపోయి ‘అసభ్యకరం’ అన్న ఒక్క పదం మిగిలింది.

ఆ పదమే తర్వాత అభియోగంలోకి ఎక్కుతుంది. రూల్ 20 ప్రకారం ఛార్జ్ మెమోతో పాటు నాలుగు అనుబంధాలు ఉండాలి. అభియోగం, దాని వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. అభియోగం సూటిగా, స్పష్టంగా ఉండాలని ఆ రూల్ చెబుతుంది. మన ఛార్జ్ మెమోల్లో తరచూ కనిపించేది ‘విద్యార్థినుల పట్ల అనుచితంగా ప్రవర్తించి ఉపాధ్యాయ వృత్తికి కళంకం తెచ్చినందున’ అన్న ఒక్క వాక్యం. ఏ తేదీన, ఎక్కడ, ఎవరి పట్ల, ఏం చేశాడో ఉండదు. సాక్షుల జాబితాలో హెడ్‌మాస్టర్, ఎంఈవో ఉంటారు. వాళ్లలో ఎవరూ కళ్లారా చూసినవాళ్లు కారు. వివరణ రాయడానికి టీచర్‌కు పది రోజులు ఇస్తారు. ఆ పది రోజుల్లో అతని తరఫున కూర్చునే సంఘం నాయకుడికి సీసీఏ నిబంధనలు కొట్టినపిండి. ఆ లొసుగులన్నీ అతను ఒక్క పేజీలో ఏకరువు పెడతాడు.

విచారణాధికారిగా వేసేది ఏ ఉప విద్యాధికారినో, పక్క మండలంలోని హెడ్‌మాస్టర్‌నో. ఆయనకు పదో తరగతి పరీక్షలున్నాయి, మధ్యాహ్న భోజనం తనిఖీలున్నాయి, పైనుంచి రోజూ వచ్చే జూమ్ సమావేశాలున్నాయి. ఇలాంటి విచారణ ఎలా నడపాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. శాఖ తరఫున వాదన వినిపించాల్సిన ప్రజెంటింగ్ ఆఫీసర్‌గా ఆఫీసు సూపరింటెండెంట్‌ను కూర్చోబెడతారు. కూలి మానుకుని, రెండు బస్సులు మారి బిడ్డను తీసుకొచ్చిన తండ్రికి మధ్యాహ్నం మూడింటికి వాయిదా పడిందని చెబుతారు. రెండో వాయిదాకు కూడా వస్తాడు. మూడోదానికి రాడు. వచ్చిన రోజున ఆ పిల్ల ఓ పెద్ద బల్ల ఎదుట నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లంతా మగవాళ్లే, అందులో ఆ సారు కూడా ఉంటాడు. ‘అసభ్యకరం అంటే ఏమిటమ్మా? నువ్వే రాశావుగా, చెప్పు’ అని అడుగుతారు. ఆమె తల వంచుకుంటుంది. నివేదికలో ‘సాక్షి ధ్రువీకరించలేదు, అభియోగం రుజువు కాలేదు’ అని రాస్తారు.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆమె చెప్పిన నిజాన్ని రాసుకోవాల్సినవాళ్లు సరిగ్గా రాసుకోలేదు.

కొన్ని కేసుల్లో కథ ఇంకోవైపు తిరుగుతుంది. గొడవకు జడిసి శాఖ తొలగించేస్తుంది, టీచర్ హైకోర్టుకు వెళ్తాడు, ఉత్తర్వు రద్దవుతుంది. ‘సాంకేతిక కారణాలతో వదిలేశారు’ అని పత్రికలు రాస్తాయి. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆ సాంకేతిక కారణాలేమిటో చూద్దాం. విచారణ నివేదిక నకలు ఉద్యోగికి ఇవ్వలేదు. ఇవ్వాల్సిందేనని 1993లోనే సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు పుట్టింది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనే. పోలీసుల ఎఫ్ఐఆర్‌నే సాక్ష్యంగా తీసుకున్నారు. అది చెల్లదని, పత్రాన్ని సాక్షి ద్వారా రుజువు చేయాలని 2008లో రూప్ సింగ్ నేగీ కేసులో చెప్పారు. విచారణాధికారి శాఖ పక్షాన నిలబడి తానే వాదించాడు. ఆయన తటస్థంగా ఉండాల్సినవాడని 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో చెప్పారు. సంజాయిషీ లేని ఏళ్లకేళ్ల జాప్యం జరిగింది. అందుకు అభియోగాలు కొట్టేసిన ప్రసిద్ధ తీర్పు 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదే వచ్చింది, రాధాకిషన్ కేసు. వీటిలో ఏ ఒక్కటీ నిన్న మొన్న పుట్టిన నియమం కాదు. జిల్లా కార్యాలయంలో ఒక్క గుమాస్తాకు తెలిసినా చాలు. నేరాన్ని రుజువు చేయడం చేతకాని శాఖ వైఫల్యాన్ని కోర్టు మెతకదనంగా చూపించడం దోషికి మరో ఉపకారం.

పైగా ఈ విచారణలో రుజువు బరువు కూడా క్రిమినల్ కోర్టులో ఉన్నంత ఉండదు. సందేహానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు. జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యాలు చూపిస్తే సరిపోతుంది. సాక్ష్యాధారాల చట్టం కట్టుబాట్లు యథాతథంగా వర్తించవు. సాక్ష్యం కొంతైనా ఉండి, పద్ధతి సవ్యంగా ఉంటే హైకోర్టు ఆ నిర్ణయం జోలికి రాదని 1963 నాటి శ్రీరామారావు కేసు నుంచి వింటున్న మాటే. అదీ ఆంధ్రప్రదేశ్ కేసే. ఇంత వెసులుబాటు ఉండి కూడా ఓడిపోతున్నామంటే, విచారణ ఎక్కువై కాదు, చేయాల్సినట్టు చేయక.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అది న్యాయమైన ప్రశ్న. పన్నెండేళ్ల పిల్లను మళ్లీ ఆ మనిషి ఎదుట నిలబెట్టి, అతని చేత అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడిగించడమేనా విచారణ? అంతకన్నా విచారణ లేకుండా పంపించేయడమే నయం కదా?

ఆ పిల్లను అలా నిలబెట్టకూడదు. అందులో రెండో మాట లేదు. కానీ ఆ రెండింటి మధ్య దారి లేదనుకోవడం పొరపాటు. 2012 నాటి పోక్సో చట్టం క్రిమినల్ కోర్టుకే దారి చూపించింది. బిడ్డ సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఆమె కంట పడకూడదు, వీడియో ద్వారానో తెర అడ్డుపెట్టో చెప్పించవచ్చు. ప్రశ్నలు నేరుగా బిడ్డను అడగకూడదు, న్యాయమూర్తికి అందజేస్తే ఆయనే అడుగుతాడు. దూకుడు ప్రశ్నలకు, బిడ్డ వ్యక్తిత్వం మీద దాడికి తావివ్వకూడదు. జైలు శిక్ష వేయగల కోర్టే ఇలా నడవగలిగినప్పుడు, ఉద్యోగం సంగతి తేల్చే విచారణకు అడ్డేమిటి? డీఈవో ఆఫీసులో తెర కట్టడానికి జీవో కావాలా?

విచారణ లేకుండా పంపించిన ఉదాహరణలుగా అందరూ రెండు తీర్పులు ముందుకు తెస్తారు. ఒకటి 1973 నాటిది. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో మగ విద్యార్థులు రాత్రిపూట ఆడపిల్లల హాస్టల్ ఆవరణలో చొరబడ్డారు. ముప్పై ఆరుగురు విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. వాళ్ల వాంగ్మూలాలను ఆ మగపిల్లలు లేనప్పుడు తీసుకున్నారు, పేర్లు బయటపెట్టలేదు. సుప్రీంకోర్టు సరేనంది. రెండోది నవోదయ విద్యాలయాలది. ఆడపిల్లల పట్ల అనైతిక ప్రవర్తన విషయంలో మామూలు విచారణ పెడితే ఆ పిల్లలు తీవ్రంగా ఇబ్బంది పడతారనుకుంటే దాన్ని పక్కనపెట్టే అధికారం అక్కడి అధిపతికి ఉంది. 1990ల్లో అవినాశ్ నాగ్రా కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఈ తీర్పుల్ని పట్టుకుని విచారణే అక్కర్లేదని వాదించేవాళ్లు వాటిని పూర్తిగా చదవాలి. రాంచీలో ముగ్గురు అధ్యాపకుల సంఘం అమ్మాయిల మాట విన్నది. గుర్తుపట్టడంలో పొరపాటు జరగకుండా ఫోటోలు కలిపి చూపించింది. అభియోగం ఏమిటో ఆ అబ్బాయిలకు చెప్పి వాళ్ల జవాబు తీసుకుంది. నవోదయ నిబంధన కూడా గాల్లో ఇచ్చిన అధికారం కాదు. సంక్షిప్త విచారణ ఒకటి జరగాలి, అందులో ప్రాథమికంగా దోషం కనపడాలి, పూర్తి విచారణ ఎందుకు వద్దో కారణాలు కాగితం మీద పెట్టాలి. 2004లో నవోదయదే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఈ షరతుల్ని వరసగా చెప్పింది. ఆ రెండు చోట్లా బిడ్డల మాటను జాగ్రత్తగా నమోదు చేసినవాళ్లున్నారు. అందుకే ఆ ఉత్తర్వులు నిలిచాయి.

అధికారులు చెప్పే ఇంకో సాకు, ‘కేసు కోర్టులో ఉంది కదా, తేలనివ్వండి’ అన్నది. ఈ ఒక్క వాక్యంతో అటకెక్కిన ఫైళ్లు ఎన్నో. క్రిమినల్ కేసూ శాఖాపరమైన విచారణా రెండూ ఏకకాలంలో సాగవచ్చని 1999లో పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండూ ఒకే సాక్ష్యం మీద ఆధారపడి, అభియోగం తీవ్రమైనదై, చిక్కుముడులతో కూడి ఉన్నప్పుడు ఆపడం మంచిదంది. కోర్టులో కేసు ముందుకు కదలకపోతే ఆపిన విచారణను మళ్లీ మొదలుపెట్టవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మొదటి సగం మన ఆఫీసుల్లో అందరికీ కంఠతా వచ్చు. రెండో సగం ఎవరూ ఎత్తరు. కోర్టు తేల్చాల్సింది అతన్ని జైలుకు పంపాలా వద్దా అని. శాఖ తేల్చాల్సింది అతను రేపు పొద్దున తరగతి గదిలోకి అడుగుపెట్టవచ్చా అని. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా రెండోదాన్ని ఆపడమంటే, ఆ మధ్యకాలంలో తరగతిలో కూర్చునే పిల్లల్ని లెక్కలోంచి తీసేయడమే.

ఇప్పుడు ఇదే వేగం రెండో వైపు ఏం చేస్తోందో చూడాలి. కలెక్టర్ ఆకస్మిక తనిఖీకి వచ్చి అయిదో తరగతి పిల్లాడిని ఎక్కం అడుగుతాడు, పిల్లాడు తడబడతాడు, టీచర్ సస్పెండ్. ప్రభుత్వ పథకం మీద ఎవరో రాసిన విమర్శను వాట్సాప్ గ్రూపులో పంపాడు, సస్పెండ్. భోజనం ఫోటో యాప్‌లో ఎక్కలేదు, మెమో, ఆపైన సస్పెండ్. సీసీఏ రూల్ 9లో అభిశంసన దగ్గర్నుంచి ఇంక్రిమెంట్ల కోత, హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, బర్తరఫ్ దాకా తప్పుకు తగ్గట్టు మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి. వాటిని తూచి వేయడానికి ఓపిక కావాలి, కెమెరాల ముందు ప్రకటించడానికి అవి పనికిరావు. అందుకే అన్నిటికీ ఒకటే మందు. ఎక్కం రాని పిల్లాడి టీచర్‌కూ, పిల్లను తాకిన టీచర్‌కూ పేపర్లో ఒకే మాట పడుతుంది. దీనివల్ల మొదటివాడికి అవమానం, రెండోవాడికి మరుగు. ‘అందర్నీ చేస్తూనే ఉంటారు, నన్నూ చేశారు’ అని అతను ఊళ్లో దర్జాగా చెప్పుకోగలుగుతున్నాడు. ఏ తప్పూ చేయని మనిషి సస్పెన్షన్‌లో నెలల తరబడి ఇంట్లో కూర్చున్నప్పుడు అతని పిల్లలు బడికి ఎలా వెళ్తారో, భార్య కిరాణా కొట్టుకు ఎలా వెళ్తుందో ఊహించలేనివాళ్లు ఈ అధికారం చేతిలో పెట్టుకోకూడదు.

టీచర్ల పక్షాన మాట్లాడుతున్నానని కొందరు అనుకోవచ్చు. స్టాఫ్‌రూములో వినపడే మాటలకు కూడా జవాబు చెబుతాను. ‘ఒక దెబ్బ వేస్తే కూడా విచారణేనా, మేం దెబ్బలు తినే చదువుకున్నాం’ అన్నది మొదటి మాట. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నాటి నుంచి 17వ సెక్షన్ ఉంది. శారీరక శిక్ష, మానసిక వేధింపు నిషేధం, ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. పార్లమెంటు చేసిన చట్టానికి అనుభవాల పేరుతో మినహాయింపులు ఉండవు. రెండో మాట ఇంకా ప్రమాదకరమైనది. ‘పిల్ల భవిష్యత్తు పాడవుతుంది, బడి పరువు పోతుంది, పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నది. హెడ్‌మాస్టర్, సర్పంచి, సంఘం మండల బాధ్యుడు కలిసి తండ్రి చేత ‘అపార్థం వల్ల ఫిర్యాదు చేశాను’ అని రాయించే రాజీ అది. లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. తన కింది ఉద్యోగి మీద ఆరోపణను దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. టీచర్ తరఫున వాదించడం సంఘం హక్కు, అది ఉండాలి. సాక్షి ఇంటికి వెళ్లడం హక్కు కాదు.

ఇంతా చెప్పి, ప్రైవేటు బడుల ఊసెత్తకపోతే సగం పిల్లల్ని వదిలేసినట్టే. అక్కడ విచారణ అన్నదే లేదు. ‘రేపటి నుంచి రావద్దు సార్’ అంటారు, లెక్క తేల్చి పంపుతారు. బడి పేరు బయటికి రాకూడదన్న ఒక్కటే పట్టింపు. నెల తిరిగేసరికి ఆ మనిషి ఇంకో ఊళ్లో, ఇంకో కార్పొరేట్ బ్రాంచిలో అదే సబ్జెక్టు చెబుతుంటాడు, డెమో క్లాసు బాగా ఇచ్చాడు కాబట్టి. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రైవేటు సంస్థల ఉద్యోగిని కూడా విచారణ లేకుండా తొలగించరాదని చెబుతూనే ఉంది. దాన్ని అమలు చేయించినవాళ్లు లేరు. వేగంగా పంపించేయడమే న్యాయం అనేవాళ్లు ఈ బడుల వైపు చూడాలి. వాళ్లు కోరే వేగం అక్కడ సంపూర్ణంగా ఉంది. దాని ఫలితం, ఎవరి మీదా ఏ రికార్డూ లేకపోవడం. సర్కారు నుంచి బర్తరఫ్ అయినవాడికి మళ్లీ సర్కారు కొలువు దొరకడం కష్టమే, ప్రైవేటు బడి గేటు మాత్రం తెరిచే ఉంటుంది.

డాక్టర్‌కు మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయర్‌కు బార్ కౌన్సిల్ ఉంది. రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తే ఇక ఎక్కడా ప్రాక్టీసు చేయలేరు. మన దేశంలో టీచర్‌కు అలాంటి రిజిస్టర్ లేదు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) చూసేది శిక్షణ కళాశాలల్ని, అర్హతల్ని. ఇంగ్లండ్‌లో టీచింగ్ రెగ్యులేషన్ ఏజెన్సీ అని 2018 నుంచి ఒక సంస్థ ఉంది. తీవ్రమైన దుష్ప్రవర్తన ఆరోపణ వస్తే ముగ్గురు సభ్యుల ప్యానెల్ కూర్చుంటుంది. అందులో టీచరూ ఉండాలి, టీచర్ కాని పౌరుడూ ఉండాలి, పక్కన న్యాయ సలహాదారు ఉంటాడు. విచారణ సాధారణంగా బహిరంగంగానే జరుగుతుంది. పిల్లల పేర్లు బయటికి రావు, ‘విద్యార్థి ఏ’, ‘విద్యార్థి బి’ అనే ఉంటుంది. ఏ ఆరోపణ ఎందుకు రుజువైంది, ఏది ఎందుకు కాలేదు అన్నది పేజీల కొద్దీ రాస్తారు. విద్యామంత్రి తరఫున నిషేధ ఉత్తర్వు వెలువడితే ఆ నిర్ణయాన్ని ప్రచురిస్తారు. టీచర్‌ను తీసుకునే ముందు ఏ బడి అయినా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, నిషేధితుల జాబితా చూసుకోవాలి. ఉత్తర్వు మీద ఇరవై ఎనిమిది రోజుల్లో హైకోర్టుకు వెళ్లే హక్కు టీచర్‌కు ఉంటుంది. అక్కడా జాప్యాలున్నాయి, తుది మాట మంత్రి తరఫు అధికారిది కావడం మీద నాకు అభ్యంతరం ఉంది. అయినా అక్కడ ఓ తల్లి తన బిడ్డ బడిలో ఏం జరిగిందో, ఆ మనిషి సంగతి ఏమైందో చదివి తెలుసుకోగలదు.

ఇక్కడ అది జరగాలంటే కొత్త రాజ్యాంగం అక్కర్లేదు. ఫిర్యాదు వచ్చిన రోజునే, శిక్షణ పొందిన మహిళా అధికారి ఒకరు, బడి బయట, తల్లి పక్కన ఉండగా, బిడ్డ మాటను బిడ్డ మాటల్లోనే ఒక్కసారి రికార్డు చేయాలి. ఆ రికార్డే ప్రధాన సాక్ష్యం కావాలి, నిందితుడి ప్రశ్నలు రాతపూర్వకంగా ఆ అధికారి ద్వారా వెళ్లాలి. పక్క మండలం హెడ్‌మాస్టర్‌కు ఫైలు అంటగట్టడం మాని, జిల్లాకో ఇద్దరు పూర్తికాలపు విచారణాధికారుల్ని వేయాలి. ఛార్జ్ మెమో మూడు నెలల గడువులోపే పోవాలి, పోకపోతే ఆ జాప్యానికి బాధ్యుడెవరో ఫైలులో పేరు రాసి సంజాయిషీ అడగాలి. రుజువైతే సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా రాష్ట్రమంతటికీ వర్తించే జాబితాలో ఆ పేరు ఎక్కాలి. రుజువు కాకపోతే ఆ మాట కూడా అంతే స్పష్టంగా, వేటు వార్త వచ్చినంత పెద్దగా బయటికి రావాలి.

ఇంత సిబ్బందికి డబ్బెక్కడిదని ఆర్థిక శాఖ అడుగుతుంది. పని లేకుండా ఇస్తున్న జీవన భృతి, కోర్టుల్లో ఓడిపోయి చెల్లిస్తున్న బకాయిలు ఒక జిల్లాలో ఒక్క ఏడాదికి ఎంతయ్యాయో ఆ శాఖే లెక్క తీసి శాసనసభ ముందు పెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం.

అంతకన్నా ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మన శాఖాపరమైన ఫైళ్లలో తుది ఉత్తర్వు నకళ్లు ఎవరెవరికి వెళ్తాయో చూడండి. సంబంధిత టీచర్‌కు, హెడ్‌మాస్టర్‌కు, ఎంఈవోకు, జీతాల బిల్లు కోసం ఖజానాకు. ఫిర్యాదు చేసిన తండ్రి పేరు ఆ జాబితాలో ఉండదు. ఆ తండ్రికి విచారణ ఫలితం ఏమైందో, ఎందుకు అలా అయిందో చెబుతూ, పిల్లల పేర్లు తీసేసిన ఉత్తర్వు నకలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలని విద్యాశాఖ కమిషనర్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.